మామయ్య చివరి ఫ్రేము

మామయ్య తన ఇనుప కడ్డీని శుభ్రంగా తుడిచి, పోయిన పెద్దలకి మొక్కే పీఠం కింద అడ్డంగా పెట్టేశారు. పెట్టి, మధ్యాహ్నం అన్నానికి తనని పిలవొద్దన్నారు.

ఈ ఇంట్లో మగవాళ్ళకి కోపమొచ్చినా బాధొచ్చినా అన్నం మీదే చూపిస్తారు. వండేది వాళ్ళు కాదు కదా! పొద్దుటి గంజి గిన్నెలోనే ఉంది. ఉప్పు ముల్లంగి ముక్కలు ఎండిపోయాయి. ఇప్పుడు మధ్యాహ్నానికి వండిన చేప కూడా అలాగే ఉండిపోతుందన్నమాట.

ఆ కడ్డీ మనిషంత పొడుగుంటుంది. పట్టుకునే చోట ఏళ్ళ తరబడి చేతి చెమట తగిలి నున్నగా అరిగిపోయింది. వెల్డింగయ్యాక కొలిమిలో కాలి, నీళ్ళ తొట్టిలో మునిగి, వంకర్లు తిరిగిన సైకిలు ఫ్రేముల్ని మా మామయ్య కో జిన్‌తు దానితోనే దారికి తెచ్చేవారు. మా ఊరు శెన్‌గాంగ్‌లో ఫ్రేములు చేసే షెడ్లు వీధి వీధికీ ఉన్నాయి గానీ, వంకర తీయాలంటే జిన్‌తు చెయ్యే పడాలని తైచుంగ్ నగరమంతటా చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి పొద్దున్న చిన్న కొడుకుని కొండకి సాగనంపి, ఇంట్లోకొచ్చి, కడ్డీని అక్కడ పెట్టి అగరొత్తులు వెలిగించారు.

"చెయ్యి పోయింది. వాడు తీసుకెళ్ళిందే నా ఆఖరి ఫ్రేము," అన్నారు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

మా ఆయన మింగ్‌చాంగ్ షెడ్డులోంచి వచ్చి విషయం విని ఒంటికాలి మీద లేచాడు. తలుపు బయట నిలబడి, వచ్చే వారం కొలిమి నుంచి ఫ్రేములొస్తాయి, వాటి సంగతేమిటని అడిగాడు.

"నువ్వు చూడు," అన్నారు మామయ్య లోపల్నించి.

"నాకు చేతకాదని నువ్వే అంటావుగా."

"ఇప్పుడు నాకూ చేతకావట్లేదుగా."

మా ఆయన చేతి తొడుగులు బల్ల మీద విసిరికొట్టి కూర్చున్నాడు. వాటి నల్ల మరక నేను ఇస్త్రీ చేసి పరిచిన గుడ్డ మీద పడింది. ఆ మాటే అన్నాను. ఇల్లు తగలబడుతుంటే నీకు గుడ్డ గొడవా అన్నాడు. ఇల్లు ఎప్పుడూ తగలబడుతూనే ఉంటుంది, గుడ్డ మాత్రం నేనే ఉతకాలి అన్నాను.

మామూలుగా అయితే ఈ పాటికి అత్తయ్య చున్‌తావ్ మా ఇద్దరినీ కలిపి కడిగేసి ఉండాలి. ఆమె వంటగది గుమ్మంలో పీట మీద కూర్చుని చిలగడదుంప ఆకు గిల్లుతోంది. గిల్లిన కాడనే మళ్ళీ మళ్ళీ గిల్లుతోంది. 

ఈ నెలంతా ఆమె అదోలా ఉంది. మా చాంద్రమానం లెక్కలో ఏడో నెల, దెయ్యాల నెల, వచ్చిందంటే అత్తయ్యకి ప్రతిదీ భయమే. పోయినవాళ్ళ లోకానికి తలుపులు తెరుచుకుని ఉంటాయట. నీళ్ళ దగ్గరికి పోకూడదు, కొండెక్కకూడదు, రాత్రి బట్టలు బయట ఆరెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆరుబయట మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. తిరిగే ఆత్మలు ఆ పేరు నేర్చుకుని పిలిచి, తమతో తీసుకుపోతాయట. పొద్దున్న నేను గేటు దగ్గర్నించి, "గ్వాన్‌లిన్, నీళ్ళ సీసా మర్చిపోయావ్," అని కేకేస్తే నా జబ్బ మీద ఒక్కటేసింది. బుజ్జోడా అని పిలవాలట. గడ్డం మాసిన, పెళ్ళి ఈడు దాటుతున్న మా మరిదిని వీధిలో బుజ్జోడా అని పిలవాలి నేను!

"నా పేరు వింటే దెయ్యాలే పారిపోతాయిలే అమ్మా," అని నవ్వి, వ్యానులో సైకిలు కట్టేసుకుని వెళ్ళాడు గ్వాన్‌లిన్. దాషుయే కొండల్లో కలప దించటానికి వేసిన పాత దారి మీద ఇవాళ వాడు ఆ సైకిలు తొక్కి చూపించాలి. బయటిదేశం కంపెనీవాళ్ళు కెమెరాలతో అక్కడ కాచుకుని ఉన్నారు.

ఆ కంపెనీవాళ్ళతోనే వచ్చింది అసలు తంటా. మునుపు కరెంటు సైకిలంటే బ్యాటరీని గొట్టం మీద డబ్బాలా బిగించేవాళ్ళు, చూసినవాళ్ళకి తెలిసేది. వీళ్ళకి మోటారూ కనపడకూడదు, బ్యాటరీ కూడా కనపడకూడదు. మోటారు కోసం పెడళ్ళ దగ్గర లావుపాటి దిమ్మ గూడులా కట్టాలి. బ్యాటరీ కోసం కింది గొట్టాన్ని పొడుగునా కోసి కడుపులో దూర్చాలి. కడుపు కోసెయ్యమంటారు, మళ్ళీ బండరాళ్ళ మీద దూకినా చెక్కుచెదరకూడదంటారు, వీళ్ళకి పిల్లల్ని కన్న ఆడదాని మీదైనా జాలుంటుందా అని మామయ్య కసురుకుంటూనే ఒప్పుకున్నారు. దిమ్మ లావు, గొట్టం పలచన. నీళ్ళలో వేస్తే గొట్టం గబుక్కున చల్లారుతుంది, దిమ్మ తీరుబడిగా చల్లారుతుంది. రెండూ చెరోవైపు గుంజుకుంటాయి. పైకి తీసేసరికి మోటారు బోల్టులు ఒక్కటీ కలవవు.

అప్పుడే మామయ్య పని. నీళ్ళలోంచి తీసిన లోహం కాసేపు మెత్తగా ఉంటుంది. ఆ కాసేపట్లోనే వంకర తీసి, రెండో కొలిమికి పంపాలి. అక్కడ అది గట్టిపడుతుంది. ఆలస్యమైతే కొలిమి లేకపోయినా తనంతట తానే గట్టిపడటం మొదలెడుతుంది. అందుకే పెరట్లో మా పెద్ద ఫ్రిజ్. మామయ్యకి వీలుకాని రోజున ఫ్రేముని తెచ్చి మంచులో పెట్టేస్తాం, మెత్తదనం నిలుస్తుంది. మా ఇంట్లో పంది మాంసం పక్కన సైకిలు ఫ్రేము పడుకోవటం కొత్తేమీ కాదు. నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాది ఐసు కోసం తలుపు తీసి, ఫ్రేముని చూసి కెవ్వుమన్నానని ఇప్పటికీ ఏడిపిస్తారు.

చలికాలంలో మామయ్యకి స్వల్పంగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి మొద్దుబారి, మెల్లగా కోలుకుంది. ఆసుపత్రికి వెళ్ళి చేతికి కసరత్తు చేయించుకుంటున్నారు. పనిలో మాత్రం మునుపటిలాగే ఉన్నారు, ఆ ఒక్క ఫ్రేము దాకా. దాన్ని కొలత బల్ల మీద బిగించి, మోటారు గూడులోకి కడ్డీ దూర్చి నొక్కితే కదల్లేదు. మళ్ళీ నొక్కారు. చెయ్యి వణికింది. మా ఆయన గోడవైపు తిరిగి ఏవో బోల్టులు ఏరుతున్నట్టు నిలబడ్డాడు. టీ తెచ్చిన నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఆయన అవస్థ చూడటం మర్యాద కాదనిపించింది. చివరికి ఒళ్ళంతా బరువేసి ఫ్రేముని దారికి తెచ్చారు. మోటారు కూర్చుంది, బోల్టులన్నీ కలిశాయి. ఆ రోజు నుంచి చెయ్యి పోయింది, చెయ్యి పోయింది అని అదే మాట.

మా ఆయన సిగరెట్టుకని బయటికి పోయాడు. నేను అత్తయ్య పక్కన కూర్చుని ఆకు అందుకున్నాను.

"అమ్మాయ్, ఆయన చెయ్యి పోలేదు," అంది అత్తయ్య.

ఓదార్పు మాట అనుకుని, అవును అత్తయ్యా, డాక్టరు కూడా అదే అన్నాడన్నాను.

"డాక్టరు గొడవ కాదు. ఆ ఫ్రేము పొద్దంతా బయటే ఉంది."

చెప్పింది. ఆకు వంకే చూస్తూ చెప్పింది. మామయ్య చేతి కసరత్తుకని ఆసుపత్రికి వెళ్ళిన రోజే మా వీధివాళ్ళు దిక్కులేని ఆత్మలకి వంటలు పెట్టే రోజు. చేపలవాడు పెద్ద చేపని పొద్దున్నే తెచ్చి పడేశాడు. ఫ్రిజ్‌లో చోటు లేదు. ఒక్క నిమిషమని ఫ్రేముని తీసి బట్టలుతికే గట్టుకి ఆనించింది. ఇంతలో పక్కింటివాళ్ళొచ్చారు, బల్లలు సర్దారు, అగరొత్తులు, ఆత్మలకని కాగితపు డబ్బు కాల్చటం, వచ్చినవాళ్ళకి నూడిల్సు. చేపని వండటానికి తీసినప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఎండ గట్టు మీదికొచ్చేసింది. ఫ్రేము ముట్టుకుంటే కాలింది. గబగబా మళ్ళీ మంచులో పెట్టేసింది.

"మళ్ళీ చల్లగా అయిపోయింది కదా, అనుకున్నాను. చల్లగా ఉంటే మెత్తగా ఉంటుందనే కదమ్మా మీరంతా అంటారు."

 మంచు ఉన్న మెత్తదనాన్ని ఆపుతుంది అంతే, పోయినదాన్ని తిరిగి తేదు. ఇన్నేళ్ళూ ఆ ఫ్రిజ్ తలుపు తీసి మూసిన మనిషికి ఆ ఒక్క ముక్కా మేమెవరమూ చెప్పలేదు. మాకు అది చెప్పాల్సిన సంగతిగా తోచనే లేదు.

అంటే ఆ రోజు మామయ్య చేతికి అడ్డుపడింది గట్టిపడిన లోహం. తన చెయ్యే బలహీనమైందనుకుని ఆయన ఇంకా ఇంకా నొక్కారు. గట్టిపడ్డ దాన్ని అలా వంచితే పైకేమీ కనపడదు, అతుకు లోపల వెంట్రుకవాసి చీలిక మొదలవుతుంది. ఇది షెడ్లలో పనిచేసే ఎవరికైనా తెలుసు.

ఆ ఫ్రేము మీదే గ్వాన్‌లిన్ కొండెక్కుతున్నాడు.

అత్తయ్యకి ఇదేమీ తెలియదు. మామయ్య పరువు కోసం చెప్పిందంతే. ఆయన కడ్డీని పీఠం కింద పెట్టేసరికి తట్టుకోలేక, తిట్లు తిన్నా ఫర్వాలేదని నోరు విప్పింది. ఆయనకి చెప్పవా, నీ మాటైతే వింటారు అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో చిన్న ఆశ ఉంది. 

నేను లేచి పెరట్లోకి పరిగెత్తి మా ఆయనకి చెప్పాను. అతని చేతిలో సిగరెట్టు కాలుతూనే ఉండిపోయింది. తర్వాత లోపలికొచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎంతసేపుంది బయట?"

"చెప్పాగా అమ్మాయికి. పొద్దంతా."

"మరెందుకు చెప్పలేదమ్మా?"

"ఎందుకు చెప్పాలిరా? మళ్ళీ పెట్టేశాను కదా." అత్తయ్య అతని మొహం చూసింది, నా మొహం చూసింది. "ఏమైందిరా?"

  గది తలుపు తెరుచుకుని ఉంది. మామయ్య గుమ్మంలో బనీనుతో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

ఆ క్షణం నేను ఆయన్నే చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ముందు ఆయన కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు ముడిచి విప్పారు. మొహం తేలికపడింది. పోయిందనుకున్న వస్తువు జేబులో దొరికినవాడి మొహం. అది ఎంతోసేపు లేదు. ఆ తర్వాత కళ్ళు వీధి గుమ్మం వైపు, సైకిలు వెళ్ళిన వైపు తిరిగాయి. ఆ మొహాన్ని ఇక నేను చూడలేకపోయాను. అత్తయ్య మాత్రం రెండూ చూసింది. అప్పుడే ఆమెకి అర్థమైంది. ఆకుల పళ్ళెం ఒళ్ళోంచి జారి నేల మీద పడింది.

ఆయన ఆమెని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"వాడికి ఫోను చెయ్యండి," అన్నారు.

చేశాం. అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాం. కెమెరావాళ్ళ నంబరుకి చేశాం, అదీ అంతే. కలప దారి మొదట్లో టీ కొట్టు ఆవిడ ఫోనెత్తింది. వాడూ కెమెరావాళ్ళిద్దరూ నూడిల్సు తిని ఎప్పుడో పైకెళ్ళిపోయారని చెప్పింది. ఆ బుల్లోడి సైకిలు ఎంత జోరుగా ఎక్కిందో, చెమట కూడా పట్టలేదని మెచ్చుకుంది. ఎవరినైనా వెనక పంపించగలరా అని బతిమాలాను. కాలినడకన పోతే వాళ్ళు దిగొచ్చే వేళకి కూడా సగం దూరం చేరరమ్మా అంది. అటవీశాఖ ఆఫీసుకి చేస్తే, తమవాళ్ళు అవతలి లోయలో ఉన్నారని, చెప్పి చూస్తామని అన్నారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, వాళ్ళ చేతుల్లో కూడా ఏమీ లేదు.

మా ఆయన స్కూటరు తాళాలు అందుకున్నాడు. కొండ కిందికి చేరటానికే మధ్యాహ్నమంతా పడుతుంది, వెళ్ళి ఏం చేస్తావు అని అడిగాను. తెలియదన్నాడు. ఇంట్లో కూర్చోలేనన్నాడు. తాళాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఎక్కేటప్పుడు ఏమీ కాదు," అన్నారు మామయ్య. ఎవరితోనూ కాదు. "దిగేటప్పుడే. రాళ్ళ మీద దూకినప్పుడు బరువంతా మోటారు గూడు పై అతుకు మీద పడుతుంది. అక్కడే నేను నొక్కింది."

"ఎక్కటానికి చాలాసేపు పడుతుంది కదా," అంది అత్తయ్య. "నిరుడు వాడు సాయంత్రం దాకా ఎక్కుతూనే ఉన్నాడు."

నిరుడు వాడు కాళ్ళతో ఎక్కాడు. ఈసారి మోటారు ఎక్కిస్తోంది.  అది ఆమే గ్రహించింది. బ్యాటరీ మధ్యలో అయిపోతుందేమో అంది. అయిపోవాలని మొక్కుకుంటున్నట్టు అంది.

"రాత్రంతా చార్జింగు పెట్టింది నేనే అమ్మా. నిండుగా ఉంది," అన్నాడు మా ఆయన.  తాళాలు పిడికిట్లో బిగించి బయటికి నడిచాడు. స్కూటరు చప్పుడు వీధి చివర దాకా వినిపించింది.

తర్వాత మేం ముగ్గురం కూర్చున్నాం. నేను నేల మీది ఆకులు ఏరాను. మామయ్య ఫోనుని మోకాలి మీద పెట్టుకుని, ఆగి ఆగి నంబరు నొక్కుతున్నారు. ప్రతిసారీ అదే ఆడగొంతు అదే మాట చెబుతోంది. అత్తయ్య పెరటి తలుపులోంచి ఫ్రిజ్ వంక చూస్తోంది. దాని మీద ఎప్పుడో పెట్టిన కొబ్బరి చిరుతిండి పచ్చ ప్యాకెట్టు అలాగే ఉంది. యంత్రాలు మాట వినాలని షెడ్డులో ప్రతిదాని మీదా ఒకటి పెడతాం. దీని మీద కూడా నేనే పెట్టాను, సరదాకి.

"చేప వద్దంటే పోయేది," అంది అత్తయ్య.

"ఊరుకో," అన్నారు మామయ్య. కోపంగా కాదు. "నేను ఏళ్ళ తరబడి పట్టిన లోహం. చేతికి తెలిసుండాలి. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకపోయింది."

అప్పుడు ఫోను మోగింది.

తెర మీద గ్వాన్‌లిన్ పేరు. మామయ్య వేలు ఒకసారి జారింది, రెండోసారికి తగిలింది. గాలి హోరు. దాని వెనక వాడి గొంతు, నవ్వుతూ.

"నాన్నా, పైకొచ్చేశాం. ఇక్కడ ఒక్క గీత సిగ్నలు దొరికింది."

"దిగకు," అన్నారు మామయ్య. "బుజ్జోడా, దిగకు. ఆ ఫ్రేము—"

"ఏంటీ? తెగిపోతోంది నాన్నా. విను, మోటారు దగ్గర చిన్న టిక్కు టిక్కుమంటోంది. బోల్టు వదులైనట్టుంది, కింద బిగించుకుంటాలే."

"దిగకురా. నడిచి రా. దాన్ని అక్కడే పారేసి నడిచి రా."

"వినపడట్లేదు. అన్నయ్యకి చెప్పు, బ్యాటరీ ఇంకా సగం ఉంది." గాలి. "నాన్నా, చెయ్యి పోయిందన్నావు కదా. గీత గీసినట్టు పోతోంది, ఇంత చక్కటిది నువ్వెప్పుడూ చెయ్యలేదు. కడ్డీ మాత్రం వదలకు. నా మాట విను. సరే, వీళ్ళు పిలుస్తున్నారు, దిగుతున్నా."

ఫోను ఆగిపోయింది. మామయ్య ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని, నడిచి రా, నడిచి రా అంటూనే ఉన్నారు. నేను ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని మళ్ళీ చేశాను. ఆడగొంతు తన మాట చెప్పింది.

పక్కన పీట ఖాళీగా ఉంది. అత్తయ్య వీధిలోకి వెళ్ళిపోయింది. కొండలు కనిపించే వైపు తిరిగి, ఎండలో, చెప్పులైనా లేకుండా నడిరోడ్డు మీద నిలబడింది. ఎదురు షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు ముసుగులు పైకెత్తి చూస్తున్నారు.

"కో గ్వాన్‌లిన్," అని పిలిచింది, ఇంటిపేరుతో సహా. ఇంకోసారి పిలిచింది. ఏడో నెలలో, ఆరుబయట, గొంతు చించుకుని కన్నకొడుకుని పేరు పెట్టి పిలుస్తున్న ఆమెని వీధిలో ఎవరూ వారించలేదు.